నలభై ఎనిమిది ముడులు

మా ఇంట్లో మగ్గం పక్క గోడకు ఒక మేకు ఉంది. ఆ మేకుకు నాలుగు నూలు పోగులు వేలాడుతుంటాయి. మొదటి దానికి పదకొండు ముడులు, రెండో దానికి పంతొమ్మిది, మూడో దానికి ఆరు, నాలుగో దానికి నలభై ఎనిమిది. నాలుగో పోగును మా అత్త పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టింది. ఇంటికొచ్చే ఆడవాళ్ళకు ముందు దాన్నే చూపిస్తుంది. ఆ నాలుగు పోగుల సంగతి రాద్దామని కూర్చున్నాను. చదివేవాళ్ళలో నాలాంటిది ఒక్కతి ఉన్నా ఆమెకు పనికొస్తుంది. లేకపోతే నా మనసు కుదుటపడడానికే అనుకుంటాను.

మాది తిరుత్తణి పక్కన నేతగాళ్ళ ఊరు. నాకు నలభై ఏడేళ్ళు. మా ఆయన మునిరత్నం గళ్ళ లుంగీలు నేస్తాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు, రంగుల వరస తప్పకూడదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఆ పని నాది.

పరాకు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్తే పాలూ పోయేవి, గిన్నే పోయేది. తాళంచెవి పిండి డబ్బాలో దొరికేది. మా మేనత్త కొడుకు పెళ్ళికి మరుసటి రోజు వెళ్ళిన ఘనురాలిని. అదే పోగులు అతకడానికి కూర్చుంటే మూడు గంటలు తల ఎత్తేదాన్ని కాదు, ఒక్క పోగు తప్పేది కాదు. అందుకే నా మతిమరుపును ఎవరూ నమ్మలేదు.

"పోగులకైతే మతి ఉండాదే, పాలకు లేదా?" అనేది అత్త. "నీకు వద్దనుకొనేవే మరిచిపోతావు మే. అన్నీ గుర్తుంటాయి నీకు. మరిచిపోయినట్టు నటిస్తావు."

ఈ మాట ఇరవై ఆరేళ్ళు విన్నాను. నిజంగా మరిచిపోయాను అని చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చి మానేశాను.

నలభై అయిదు దాటాక నెలసరి గతి తప్పింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నిద్ర పోయింది, ఒళ్ళంతా సెగలు, మాట మధ్యలో మాట మరిచిపోవడం. చివరికి పోగులు కూడా తప్పాను. పోయిన ఏడాది ఆని నెలలో, అంటే జూన్ చివర, అతికిన పడుగులో ఎర్ర పోగులు పచ్చ పోగుల చోట పడ్డాయి. మా ఆయన రెండు మూరలు నేసి చూసుకున్నాడు. అరవలేదు. ఆ ముక్క కత్తిరించి, మడిచి, నా ముందు పెట్టాడు.

"ఇంగ అతికేదానికి పక్కింటోళ్ళను పిలుస్తాలే. నువ్వు కండెలు చుట్టు."

కండెలకు నూలు చుట్టడం మా ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్ల చేసే పని. అరిచి ఉంటే బాగుండేది. ఆ ఇంట్లో నన్ను నమ్మి ఇచ్చిన పని అదొక్కటే. అది పోయింది. ఎట్లాగైనా దాన్ని తిరిగి తెచ్చుకోవాలని ఆ రోజు అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసినవన్నీ, మంచివీ చెడ్డవీ, దానికోసమే.

తిరువళ్ళూరులో నర్సింగు చదివే నా కూతురు నిత్య సెలవులకు వచ్చి నన్ను వారం రోజులు గమనించింది. "అమ్మా, ఇది బద్ధకం కాదు, పొగరూ కాదు. నాతో డాక్టరు దగ్గరికి రా," అంది. పొగరు కాదు అన్న మాటకే నాకు ఏడుపొచ్చింది.

మేము వెళ్ళింది మరుసటి నెల, ఆడి అమావాస్య నాడు. రైలంతా తిరువళ్ళూరు వీరరాఘవస్వామి దగ్గరికి పోయేవాళ్ళే. ఆయన వైద్యుడు, కోనేట్లో బెల్లం వేస్తే అది కరిగినట్టు రోగం కరుగుతుందని నమ్మకం. నా చేతిలో కూడా అత్త కట్టిచ్చిన బెల్లం పొట్లం ఉంది. ముందు బెల్లం వేసి, తర్వాత క్లినిక్కుకు పోయాం. అక్కడ కూర్చున్నవాళ్ళు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఒకాయన తువ్వాలు తలమీదుగా కప్పుకుని కూర్చున్నాడు. నేను కూడా తెలిసినవాళ్ళు కనబడకూడదని కొంగు కప్పుకున్నాను.

డాక్టరు నాకంటే చిన్నది. చిన్నప్పుడు బడిలో ఎట్లా ఉండేవారు అని అడిగింది. నన్ను ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఎన్ని పలకలు పోగొట్టుకున్నానో, ఎన్నిసార్లు బెంచీ ఎక్కానో అన్నీ చెప్పాను. ఆమె విన్నది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారనీ, ధ్యాస నిలవని జబ్బనీ, పిల్లల జబ్బు అనుకుంటారు గానీ పెద్దయినా ఉంటుందనీ, ఆడపిల్లల్లో కనిపెట్టేవాళ్ళు తక్కువనీ, ఈ వయసులో ఒంట్లో వచ్చే మార్పులకు అది ఇంకా ముదరవచ్చనీ చెప్పింది. మీ తప్పు కాదు అని కూడా చెప్పి, మాత్రలు రాసిచ్చింది. బయటికి వచ్చాక నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు తిన్న తిట్లను ఎవరికి తిరిగి ఇవ్వాలి?

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అదొక తెలివితక్కువ పని.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" అత్త గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "రేపు బిడ్డకు సంబంధం వస్తుందా? ఆ ఇంగిలీసు మాత్తర తాగితే మనిషి మొద్దైపోతాది. మతికి మన వల్లారాకు ఉండాది, మా తాత కాలం నుంచి ఉండాది."

వల్లారాకు అంటే సరస్వతి ఆకు. పొలం గట్ల మీద తేమలో పాకుతుంది. అత్త పుట్టింటి వైపు ఒక నాటువైద్యుడు ఉన్నాడు. ఆ ఆకు రసంలో తన చూర్ణం ఒక చెంచా కలిపి ఒక మండలం, అంటే నలభై ఎనిమిది రోజులు తాగాలన్నాడు. పొద్దు పొడవకముందు, పరగడుపున. పత్యం గట్టిది. కాఫీ లేదు, చింతపండు లేదు, కాకరకాయ లేదు, అవిసాకు లేదు, ఇంగ్లీషు మాత్ర అసలే లేదు. ఒక్కరోజు తప్పినా, ఒక్క పత్యం తప్పినా మళ్ళీ మొదటి నుంచి. అత్త నా మాత్రలు అటక మీద పెట్టేసి, ఒక నూలు పోగు మేకుకు కట్టి, మొదటి ముడి వేసింది.

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మరిచిపోయే మనిషికి మందు, ఆ మందు మరిచిపోకుండా తాగాలి. నలభై ఎనిమిది రోజులు వరసగా ఏదైనా చేయగలిగితే నాకు మందు ఎందుకు? ఈ మాట ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకు తోచినా చెప్పే ధైర్యం లేదు.

పన్నెండో రోజు పక్కింట్లో కాఫీ ఇస్తే మాటల్లో పడి తాగేశాను. గ్లాసు అడుగు కనబడ్డాక గుర్తొచ్చింది. అత్త పదకొండు ముడుల పోగును అట్లాగే వదిలి, పక్కన కొత్తది కట్టింది. దాన్ని ఇరవయ్యో రోజు రసం గట్టు మీద పెట్టి తాగడం మరిచి పోగొట్టాను. మూడోది ఆరు రోజులకే ఏమైందో నాకే గుర్తులేదు. మేకుకు మూడు పోగులు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అవే కనబడేవి. మా ఆయన ఒకరోజు వాటిని చూసి, "ఇదైనా చేతకాదా నీకు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

మూడు నెలలకు, ఐప్పసి అమావాస్యకు నేను ఒక్కదాన్నే రైలెక్కాను. "పెరుమాళ్ళకు బెల్లం వేసొస్తా," అని అత్తతో చెప్పాను. ఆమె సంతోషంగా పొట్లం కట్టిచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి అమావాస్యా ఆ దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. ముందు కోనేరు, తర్వాత క్లినిక్కు. వైద్యుడే కాబట్టి అర్థం చేసుకుంటాడని సర్దిచెప్పుకున్నాను.

డాక్టరుకు రసం సంగతి, చూర్ణం సంగతి దాచలేదు. "ఆకుతో నాకు తగవు లేదు. చూర్ణంలో ఏముందో తెలియకుండా మాత్రతో కలపకండి," అంది. వైద్యుడు అది చెప్పడు. అందుకని రసం తాగాను, చూర్ణం మాత్రం అత్త అటు తిరిగినప్పుడు పెరట్లో పారేశాను.

దేవకి అక్కడే పరిచయమైంది. వెంగల్ వైపు పల్లె, వరి పండించే ఇల్లు. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లల బడిలో పాఠం చెబుతుంది. నాకంటే మూడేళ్ళు చిన్న. ఆ క్లినిక్కులో నా మొహం చూసి నవ్విన మొదటి మనిషి. డబ్బాలో నిమ్మకాయ అన్నం సగం నాకు పెట్టి, తన కథ చెప్పింది. ఆమె మాత్రలు మొదలుపెట్టి ఏడాది అయింది.

"అక్కా, గుర్తు పెట్టుకోవాలని చూడొద్దు. మనవల్ల కాదు," అంది. "ఏది మరిచిపోకూడదో దాన్ని కాలికి తగిలేటట్టు పెట్టుకో."

నలభై ఏడేళ్ళలో నాకు అందిన పనికొచ్చే సలహా అదొక్కటే. మాత్రలు కండెల డబ్బాలో పెట్టుకున్నాను. అది నేను తప్ప ఎవరూ ముట్టరు. రసం తాగే గ్లాసును రాత్రే వంటింటి గడప మీద బోర్లించేదాన్ని. పొద్దున లేస్తే కాలికి తగిలి దొర్లేది. మాత్రకు తల నెమ్మదించింది. అంటే, రోజూ తప్పకుండా వల్లారాకు రసం తాగగలిగేంత మతి నాకు ఇంగ్లీషు మాత్ర ఇచ్చింది. అట్లా నాలుగో పోగుకు నలభై ఎనిమిది ముడులు పడ్డాయి.

సంక్రాంతి దాటి తై నెలలో మండలం పూర్తయింది. పాలు పొంగడం తగ్గింది, తాళంచెవులు మేకుకే ఉంటున్నాయి. మా ఆయన ఒకరోజు పొద్దున కొత్త పడుగు తెచ్చి నా ముందు పెట్టాడు. "అతుకుతావా?" అన్నాడు. నీలం, తెలుపు గళ్ళు. మూడు గంటలు తల ఎత్తలేదు. ఒక్క పోగు తప్పలేదు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. అత్త తిరుత్తణి కొండెక్కి మొక్కు తీర్చుకుని, దిగుతూ కనబడినవాళ్ళందరికీ చెప్పింది. "మా కోడలికి మతి లేకుండా ఉన్నింది. వల్లారాకుతో బాగు చేసినాను." మామ పోయాక ఆ ముసలామెను పలకరించే దిక్కు లేదు. ఇప్పుడు ఆడవాళ్ళు ఊళ్ళు దాటి వెతుక్కుంటూ వస్తున్నారు. పొయ్యి ఆర్పడం మరిచిపోయే కోడళ్ళు, ఇంట్లో మనసు నిలవని కూతుళ్ళు, నిద్రపట్టని నడివయసు వాళ్ళు. అందరికీ ఒకటే ఆకు, ఒకటే పోగు, ఒకటే పత్యం. నన్ను పిలిచి పక్కన నిలబెట్టేది. నేను నవ్వుతూ నిలబడేదాన్ని. నన్ను చూసి నలుగురు మెచ్చుకోవడం అదే మొదటిసారి, అందుకని బాగానే ఉండింది. నమ్మకం తిరిగి వచ్చాక దాన్ని ఎవరు పోగొట్టుకుంటారు?

ఎండాకాలం, చిత్తిరై నెలలో ఒకరోజు ఆటో దిగి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నడిచినామె పెద్దది, గొంతు గట్టిది. వెనక దేవకి.

నన్ను చూసి దేవకి గడపలోనే ఆగిపోయింది. వల్లారాకు తాగి బాగైన తిరుత్తణి ఆమె నేనే అని ఆమెకు అప్పుడే తెలిసింది. నా మాత్రల సంగతి ఆమెకు తెలుసు. కండెల డబ్బా సంగతి కూడా తెలుసు.

"మా మరదలు ఇది," అంది పెద్దామె అత్తతో. "ఒకటిన్నర సంవత్సరంగా పిచ్చి మాత్తర మింగతా ఉండాది. మీ కోడలి సంగతి విన్నాక ఆ మాత్తర తీసి పెట్టెలో పెట్టి బీగం వేసినాను. మీ మందు ఇచ్చి పుణ్యం కట్టుకోండమ్మా."

దేవకి నా వైపు చూసింది. నేను చెబుతానని చూసింది. తను నోరు తెరిస్తే నా గుట్టు బయటపడుతుంది, అందుకని తెరవలేదు. నేను గోడ మీది మేకు వైపు చూశాను. అత్త పసుపు పోగు చూపించింది, రసం తీసే పద్ధతి చెప్పింది, చూర్ణం పొట్లం చేతిలో పెట్టింది.  వాళ్ళు ఆటో ఎక్కుతుంటే వెనకే వెళ్ళి దేవకి చెయ్యి పట్టుకున్నాను.

"రేపు ఫోను చేసి మీ వదినకు నేనే చెప్తా," అన్నాను చిన్నగా.

"సరేక్కా," అంది. నన్ను నమ్మింది.

మరుసటి రోజు ఫోను చేతిలోకి తీసుకున్నాను. అత్త వాకిట్లో ఎవరికో ముడి వేయడం నేర్పుతోంది. సాయంత్రం చేద్దామనుకున్నాను. సాయంత్రం మా ఆయన ఇంకో పడుగు తెచ్చాడు. ఇట్లా ఒక రోజు కాదు, ముప్పై అయిదు రోజులు. ఆ అమావాస్యకు దేవకి క్లినిక్కుకు రాలేదు. ఆమె కూర్చునే కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

మరుసటి నెల వైకాసిలో వాళ్ళ వదిన ఒక్కతే వచ్చింది, ఇంకో పొట్లం చూర్ణం కోసం. వాకిట్లో అప్పటికే నలుగురు ఆడవాళ్ళున్నారు.

"ఏం చెప్పేదమ్మా," అంది. "పోయిన వారం బడికి బీగం వేసి ఇంటికొచ్చేసింది. లోపల చుట్టిపెట్టిన చాపల వెనక ఒక చిన్నబిడ్డ నిద్రపోతా ఉన్నింది. దాని తల్లి వచ్చి అడిగేదాకా దీనికి తెలియనే తెలియదు. తెరిచేటప్పటికి బిడ్డ అరిచి అరిచి గొంతు పోయింది. దేవుడి దయ, ఇంకేం కాలేదు. బడికి రావద్దనేసినారు. ఊళ్ళో తలెత్తుకోలేకుండా ఉండాము."

అత్త తల పంకించింది. "పత్యం తప్పుంటాది."

"కాఫీ తాగిందమ్మా. నేనే చూసినాను."

"అదే. మళ్ళీ మొదటి నుంచి పట్టండి," అని అత్త కొత్త పోగు తెంపింది.

ఆ పోగు తెగిన చప్పుడు ఎంతుంటుంది? నాకు మాత్రం వినబడింది. లేచి కండెల డబ్బా తెచ్చి వాకిట్లో అందరి ముందు బోర్లించాను. కండెలతోపాటు ఖాళీ అయిన మాత్రల అట్టలు, సగమున్న అట్ట, డాక్టరు చీటీలు పడ్డాయి.

"నన్ను బాగుచేసింది ఇది," అన్నాను. "ఏడు నెలలుగా తింటా ఉండాను. రసం తాగే మతి కూడా దీనివల్లే వచ్చింది. చూర్ణం పెరట్లో పారేసినాను. దేవకికి తెలుసు ఇదంతా. నా కోసరం నోరు మూసుకుంది."

 దేవకి వదిన నన్ను చూసిన చూపు నేను బతికినంతకాలం మరిచిపోను. అత్త నెమ్మదిగా కూర్చుని కండెలు ఏరి డబ్బాలో వేసింది. మాత్రలు ఏరలేదు.

"మాత్తర తిన్నా, ఆకూ తాగింది కదా," అంది ఆడవాళ్ళతో. "ఆకే పనిచేసింది. పేరు దానికిస్తా ఉండాది."

ఆ నలుగురిలో ముగ్గురు ఆ రోజు పొట్లాలు తీసుకునే వెళ్ళారు. నిజం చెప్పడం ఇంత దండగ పని అని నాకు అప్పుడు తెలిసింది.  మూడో రోజు మా ఆయన, "నాకన్నా చెప్పుండచ్చు కదా," అన్నాడు. "చెప్తే నమ్ముతావా?" అన్నాను. ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయాడు. పడుగు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది ఆయన మంచితనమో, పక్కింటివాళ్ళకు తీరిక లేకనో నేను అడగలేదు.

అత్త ఇప్పటికీ పోగులు ఇస్తూనే ఉంది. నేను ఇప్పుడు పక్కన నిలబడి నవ్వడం లేదు. వచ్చిన ప్రతి ఆమెకూ వీధి మలుపు దాకా వెంట వెళ్ళి చెబుతాను. ఆకును నేను తిట్టను. పప్పులో వేస్తే ఇప్పటికీ తింటాను. కానీ డాక్టరు ఇచ్చింది ఆపకండి, తాగేది ఏదైనా డాక్టరుకు దాచకండి, పత్యం తప్పారని మిమ్మల్ని ఎవరైనా అంటే తప్పడమే మీ జబ్బు అని చెప్పండి. కొందరు వింటారు. చాలామంది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఆటో ఎక్కుతారు.

ఆని నెలలో వెంగల్ వైపు బస్సెక్కాను. దేవకి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చిక్కిపోయింది. నేను చెప్పింది విని వదిన బీగం తీసిందనీ, మాత్రలు మళ్ళీ మొదలయ్యాయనీ, బడిలో మాత్రం తనను మళ్ళీ పనిలోకి తీసుకోము అన్నారనీ చెప్పింది. గొంతులో కోపం లేదు. ఆ పిల్ల తల్లి వీధిలో ఎదురైతే తనే పక్కకు తప్పుకుంటానని కూడా చెప్పింది. నాకు కూర్చోవడానికి చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది.

క్షమించమని అడగడానికి వచ్చాను. గ్లాసు అంచు తుడుస్తూ కూర్చున్నాను. నా అవస్థ చూసి ఆమే మొదలుపెట్టింది.

"పోనీలేక్కా. ఫోను చేస్తానని చెప్పి మరిచిపోయుంటావు. మనకు అంతే కదా. నాకు తెలియదా?"

నలభై ఏడేళ్ళుగా మరిచిపోయాను అని చెప్పిన ప్రతిసారీ అది నిజం. ఒక్కరూ నమ్మలేదు. ఈ ఒక్కసారి, నేను చెప్పకముందే నమ్మడానికి ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. అవును అంటే సరిపోతుంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"లేదు దేవకీ," అన్నాను. "ఒక్క రోజు కూడా మరిచిపోలా."